కలం గురించి రాశారు, నీళ్ల సంగతి వదిలేశారు

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో మా కలంకారీ మీద రెండు పేజీల వ్యాసం వేశారు. ఫొటోలు చాలా బాగున్నాయి. నలుపు నలుపుగా, ఎరుపు ఎరుపుగా రావడం ఎంత కష్టమో మాకు తెలుసు కాబట్టి ముందు మీ ప్రెస్సు వాళ్లకి దండం. ఆ పేజీలు మా వీధిలో చేతులు మారి మారి నా దగ్గరికి వచ్చేసరికి ఒక మూల టీ మరక కూడా పడింది. ఎవరింట్లో పడిందో తెలుసు గానీ రాయను.

ఇది ఫిర్యాదు కాదు. చదివాక రెండు రోజులు మనసులో నలిగిన మాట ఒకటి చెప్పాలని రాస్తున్నాను. వ్యాసంలో వెదురు కలం ఉంది, కరక్కాయ ఉంది, కళాకారుల ఏకాగ్రత గురించి అయితే ఒక పేరా నిండా ఉంది. ఉతుకు గురించి మాత్రం ఒక్క ముక్క, తర్వాత బట్టను ఉతుకుతారు అని. సార్, మా పనిలో సగం రోజులు ఆ ఒక్క ముక్కలోనే గడిచిపోతాయి. మా నడుములు పోయేది కూడా అక్కడే.

నేను శ్రీకాళహస్తిలో కలం పని చేస్తాను. ఈ ఊరికి కోడలిగా వచ్చాక నేర్చుకున్న పని. మిగిలిన గుడ్డముక్కలతో కాగితం చేస్తాను, ఆ కాగితాలతో చిన్న పుస్తకాలు కుట్టి అమ్ముతాను. బట్ట పనికైనా కాగితం పనికైనా నాకు మొదటి సరుకు నీళ్లే. గాడా గుడ్డ (చలవ చేయని ముతక నూలు బట్ట), కరక్కాయ, పటిక అన్నీ అంగట్లో దొరుకుతాయి. పారే నీళ్లు అమ్మే అంగడి మాత్రం లేదు.

కలం కొస నుంచి రంగులు జాలువారతాయని మీ వ్యాసంలో ఉంది. చదువుకోవడానికి బాగుంది. మా ఆయన అయితే దాన్ని పైకి చదివి నన్ను ఆటపట్టించాడు కూడా. నిజానికి మొదటి వారాల్లో మా కలంలోంచి వచ్చేవి రెండే: తుప్పు నీళ్లు, పటిక నీళ్లు. పాత ఇనుప ముక్కలు, మేకులు, బెల్లం కుండలో వేసి నీళ్లు పోసి మూత కట్టి పెడితే రెండు మూడు వారాలకి పులిసి కసిమి అవుతుంది. కుండలో చూస్తే లేత గోధుమ రంగు నీళ్లు, అంతే. దాన్ని కరక్కాయ, గేదె పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద పెడితే కళ్ల ముందే నల్లగా తిరుగుతుంది. కరక్కాయ వగరు, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. పాలు ఎందుకంటే అందులోని కొవ్వు గీతని పక్కకి పాకనివ్వదు. పాలవాడు నీళ్లు కలిపిన సంగతి మా ఇంట్లో కాఫీ కన్నా ముందు గీతే చెప్పేస్తుంది.

ఇక ఎరుపు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, విసుక్కోకండి. ఎరుపు ఎక్కడ రావాలో అక్కడ మేం ఎర్ర రంగు పెట్టం. పటిక నీళ్లు పెడతాం. అది బట్ట మీద పెద్దగా కనపడదు, అందుకే ఆనవాలు కోసం ఏదో ఒక లేత రంగు కలుపుకుంటాం. సీతమ్మ చీరకి పటిక, రథం చక్రానికి పటిక, అంచులో పూలకి పటిక. పెట్టాక ఒకటి రెండు రోజులు కదపకూడదు, నూలు దాన్ని పట్టుకోవాలి. తర్వాత ఉతకాలి. ఆ ఉతుకులో, నూలు పట్టుకోకుండా పైపైన మిగిలిన పటిక అంతా పోవాలి. ఉతికిన బట్టని మంజిష్ఠ, సురుడు చెక్క లాంటివి వేసిన కాగులో ఉడికిస్తాం. పటిక ఉన్న చోటల్లా ఎరుపు కూర్చుంటుంది. లేని చోట లేత గులాబీ పట్టినా పేడ నీళ్లలో నానబెట్టి, ఇసుక మీద పరిచి, ఎండలో నీళ్లు చల్లుకుంటూ పోతే వదిలిపోతుంది.

ఇప్పుడు ఈ పటిక బట్టని తొట్టి నీళ్లలో ముంచామనుకోండి. ఊడిన పటిక ఎక్కడికీ పోదు. అదే నీళ్లలో తిరిగి తిరిగి బట్టలో ఇంకో చోట కూర్చుంటుంది. ఆ పూట ఏమీ తెలియదు, బట్ట శుభ్రంగానే కనపడుతుంది. కాగులోంచి తీసిన రోజు తెలుస్తుంది, హనుమంతుడి చెంప మీద ఎర్ర మచ్చ పడి ఉంటుంది. దాన్ని చెరిపే మందు లేదు. పారే నీళ్లయితే ఊడింది ఊడినట్టు కిందికి కొట్టుకుపోతుంది. పాతకాలం వాళ్లు నదిని వెతుక్కుంటూ వచ్చి ఈ గట్టున కూర్చున్నది స్నానాలకి ఒక్కటే కాదు సార్.

ఎరుపు అయ్యాక మళ్లీ పాలు పట్టించాలి, ఆరబెట్టాలి, అప్పుడు పసుపు రంగు. దానికి కరక పువ్వో దానిమ్మ తొక్కో. నీలం నీలిమందుతో, పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ. ఈ రంగులు మాత్రం మీరు రాసినట్టు కలం కొస నుంచే వస్తాయి, ఒప్పుకుంటాను. ఒకటి అయ్యాక ఇంకొకటి, మధ్యలో మళ్లీ నీళ్లు. ఒక గోడ బట్ట పూర్తయ్యేలోపు ఎన్నిసార్లు నీళ్ల దగ్గరికి వెళ్లొస్తుందో నేను లెక్కపెట్టుకోను, పెట్టుకుంటే పని మానేయాలనిపిస్తుంది.

స్వర్ణముఖి మా ఊళ్లో గుడి పక్కగా ఉత్తరం ముఖంగా పారుతుంది. పారుతుంది అని రాశాను గానీ, ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ ఉండేది ఇసుక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు బాగా పడితే కొన్నాళ్లు నీళ్లు. 2021 నవంబరులో వచ్చిన వరద చూసినవాళ్లకి నది అంటే భయం కూడా తెలుసు, అప్పుడు గట్టు దగ్గరికే పోలేదు మేము. మామూలు రోజుల్లో ఉన్న కాసిని నీళ్లలో ఊరి మురుగు కలుస్తుంది. పాలు పట్టించిన బట్టని మురుగులో ముంచుతామా? మా అత్తమ్మ ఆ ఇసుకలో చెలమ తవ్వి బట్టలు జాడించిన మనిషి. ఇప్పుడు ఆవిడని గట్టు దాకా తీసుకెళ్తే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరుగుతుంది.

అందుకని మేం కొందరు ఆడవాళ్లం కలిసి, తొట్టంబేడు వైపు ఒక రైతు బోరు దగ్గరికి పోతాం. మూటలు ఆటోలో వేసుకుని పోవడమే. వ్యవసాయ కరెంటు ఏ పూట ఇస్తారో ఆ పూటే మా పూట. తెల్లవారుజామున ఇస్తారని తెలిస్తే చీకట్లోనే బయల్దేరాలి. బోరు గొట్టం నుంచి నీళ్లు సిమెంటు తొట్టిలో పడి, అక్కడి నుంచి కాలువ పట్టుకుని మడికి పోతాయి. మేం కాలువలో దిగుతాం. ఇద్దరు చెరో కొస పట్టుకుంటారు, ఇంకొకరు మధ్యలో బట్ట ముడుచుకోకుండా విప్పుతూ ఉంటారు. పిండకూడదు, బండకేసి కొట్టకూడదు. బట్ట తనంతట తాను నీళ్లలో ఊగాలి. మొదట తెల్లటి మడ్డి పోతుంది, అది పాలు. వెనకాలే పసుపు పోతుంది, అది కరక్కాయ. పటిక పోవడం మాత్రం కంటికి కనపడదు, వేళ్లకే తెలియాలి. బట్టని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి జరిపితే జారుతున్నంతసేపు ఇంకా ఉందన్నమాట. వేళ్ల కింద కిర్రుమన్నప్పుడు చాలు. ఈ కిర్రు తెలుసుకోవడం నాకు బొమ్మ గీయడం కన్నా ఆలస్యంగా వచ్చింది. మాలో ఒకామె ఉంది, కలం పట్టడం రాదు, చదువు లేదు. బట్ట ఆమె చేతిలో పెడితే చాలు, అయిందో లేదో కళ్లు మూసుకుని చెబుతుంది. ఆమె చాలు అనేదాకా మేం కాలువలోంచి బయటికి రాం.

ఆ రైతు మంచివాడు. మేం దిగగానే మొదలుపెడతాడు.

"ఏందక్కా, ఈ పొద్దు కూడా పసుపు నీళ్లేనా? నా వరికి కూడా రంగు పట్టేట్టుంది."

"కాదులే అన్నా, ఈ పొద్దు పేడ నీళ్లు. నీ మడికి ఎరువే."

"అట్లయితే రోజూ రండి."

డబ్బులు ఇస్తామంటే తీసుకునేవాడు కాదు, కూతురి పెళ్లికి ఒక చున్నీ అడిగాడు, నెమళ్లు వేసి ఇచ్చాం. ఇదంతా బాగానే నడిచింది. ఈ ఏడాది అన్నదమ్ములు పొలం పంచుకున్నారు, బోరు తమ్ముడి వైపు పోయింది. తమ్ముడికి బొమ్మల మీద పెద్ద ఇష్టం లేదు, పటిక నీళ్లు మడిలోకి పోతే పైరుకి ఏమవుతుందోనని ఆయన టెన్షన్ ఆయనది. నేను ఆయన్ని తప్పుపట్టను. నా పొలమైతే నేనూ అడుగుతాను. మా పని ఒక మనిషి మంచితనం మీద నడుస్తోంది, ఆ మంచితనానికి పట్టా లేదు. నాకు బాధ అనిపించేది అదే.

ఇంట్లో కొళాయి ఉంది కదా, బకెట్లతో పోసుకోండి అని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఆరు గజాల చీరని పైనుంచి చెంబుతో ఎంతసేపు పోస్తారు? పైగా ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు పనికిరావు. నీళ్లలో ఇనుము ఉంటే ఎరుపు మసకబారుతుంది, గోధుమ రంగులోకి పోతుంది. కసిమిలో ఇనుము చేసే పనే అది, మనకి అక్కర్లేని చోట చేస్తుంది. కాస్త సున్నం ఉన్న నీళ్లలో ఎరుపు నిగనిగలాడుతుంది. ఒకప్పుడు కృష్ణా తీరంలో పండే చిరివేరుకి, అంటే ఎర్ర రంగునిచ్చే ఒక మొక్క వేరుకి, దేశదేశాల్లో పేరు ఉండేదంటే, ఆ నేలలో ఉండే గుల్లల సున్నం దానికి ఒక కారణమని చెబుతారు. ఒక్కో బోరు నీళ్లకి ఒక్కో ఎరుపు వస్తుంది. మా ఆర్డర్లలో ఒకే రకం చీరలు పాతిక కావాలని అడిగేవాళ్లకి ఈ సంగతి చెప్పడం కష్టం. మొదటి చీరకి, చివరి చీరకి మధ్య బోరు మారిందమ్మా అంటే నవ్వుతారు.

మచిలీపట్నం రేవు నుంచి మన అద్దకం బట్టలు ఓడలెక్కిన రోజుల్లో, 17వ శతాబ్దం చివర, హవార్ట్ అనే డచ్చి ఆయన ఆ ప్రాంతంలో పని చూసి, ఇది నత్త నడకలా సాగుతుంది, చూస్తే ముందుకు కదులుతున్నట్టే ఉండదు అన్నట్టుగా రాసి పెట్టాడట. నాకు ఆయన మీద కోపం లేదు. మా అత్తమ్మ కూడా నన్ను అదే మాట అనేది. కానీ ఆ నత్త వేసిన బట్టలకి భయపడి ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టింది, ఇంగ్లండ్ 1721లో చట్టం చేసి మరీ తమ వాళ్లని కట్టుకోవద్దంది. 1742లో కేర్దూ అనే ఫ్రెంచి పాదిరీ మన తీరంలో ఈ పని ఎలా చేస్తారో అడిగి తెలుసుకుని ఉత్తరంలో వివరంగా రాసి పంపాడు. కరక్కాయ, గేదె పాలు, పటిక అన్నీ అందులో ఉన్నాయి. ఉతుకు గురించి ఆయన మీకంటే ఎక్కువే రాశాడు, ఏమీ అనుకోకండి.

మా ఊళ్లో ఈ పని దాదాపు ఆగిపోయిన రోజులు కూడా ఉన్నాయి. 1950ల్లో కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ ఊపిరి పోసుకుంది. జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చినప్పుడు కలం పట్టిన ప్రతి ఇంట్లో అది తమకే వచ్చినంత సంబరం. అలాంటి పెద్దలు లేకపోతే నాలాంటి కోడలికి కలం ఎవరు ఇచ్చేవాళ్లు? అయితే ఈ గౌరవాలన్నీ కలానికే వస్తాయి. కాలువలో మోకాళ్ల దాకా నిలబడే మనిషి ఏ ఫొటోలోనూ ఉండదు. మీ రెండు పేజీల్లో కూడా లేదు. కింద ఇసుకలో ఆరేసిన బట్టల ఫొటో ఒకటి వేశారు, అందమైన ఫొటో, ఆ బట్టలు అక్కడికి ఎలా వచ్చాయో మాత్రం అందులో తెలియదు.

ఈ నీళ్లు నా బొమ్మల్ని కూడా మారుస్తాయని చెబితే నమ్ముతారా? వేసవిలో నేను ఎరుపు బొమ్మలు ఎత్తుకోను. ఏప్రిల్, మే నెలల్లో నల్ల గీతతోనే నడిచేవి వేస్తాను. కొమ్మలు, చేపలు, జింకల మందలు, ఖాళీ ఎక్కువ ఉండేవి. పాలమీగడ రంగు బట్ట మీద ఒట్టి నల్ల గీత. ఒక ప్రదర్శనలో ఒకాయన వాటిని చూసి, మీ శైలిలో కొత్త నిరాడంబరత వచ్చిందండీ అన్నారు. నీళ్లు లేవండీ అన్నాను. ఆయన దాన్ని కూడా ఏదో లోతైన మాట అనుకుని తలూపారు. సంక్రాంతి చుట్టుపక్కల నీళ్లు, ఎండ రెండూ దొరుకుతాయి, అప్పుడు రామాయణ ఘట్టాలు, రథాలు, ఎర్ర ఎర్రటి అంచులు. నిరుడు ఒక గోడ బట్ట అంచులో చిలకలకి బదులు కప్పల్ని, కొంగల్ని, బట్ట జాడించే ఆడవాళ్లని వరసగా వేశాను. కొన్నామె అంతా మెచ్చుకుని, అంచులో నెమళ్లు లేవేంటి అని అడిగింది. బోరు దగ్గర నెమళ్లు కనపడవమ్మా అన్నాను. ఆ తర్వాత కొన్నది, బేరం కూడా పెద్దగా ఆడలేదు.

కాగితం పని గురించి మీ వ్యాసంలో లేదు, ఉండాలని కూడా అననుగాని, ఇది కూడా నీళ్ల కథే. గాడా గుడ్డ కత్తిరించినప్పుడు మిగిలే పేలికలు, ఎర్ర మచ్చ పడి పాడైన ముక్కలు అన్నీ గోనెసంచిలో వేసి పెడతాను. తీరిక దొరికినప్పుడు వాటిని గోరంత ముక్కలు చేసి నానబెట్టి, చాకలి సోడా వేసి ఉడికించి, బాగా జాడించి, గ్రైండరులో కొద్దికొద్దిగా తిప్పుతాను. ఇడ్లీ పిండికి వాడేది వేరే, భయపడకండి. పీచు పీచుగా విడిపోవాలి, మరీ మెత్తగా పోకూడదు. అర తొట్టి నీళ్లకి ఆ గుజ్జు కొంచెం చాలు. చెక్క చట్రానికి జాలీ బిగించి తొట్టిలో అడుగునుంచి పైకి ఎత్తితే, నీళ్లు కిందికి జారిపోయి పీచు పొరగా జాలీ మీద నిలుస్తుంది. ఆ ఒక్క క్షణంలో చట్రాన్ని అటూ ఇటూ ఒకసారి కదపాలి, పీచు అల్లుకోవాలి. ఆలస్యమైతే ఒక పక్క మందం, ఒక పక్క చిల్లు. తర్వాత తడి గుడ్డ మీద బోర్లించి, పైన ఇంకో గుడ్డ, మళ్లీ కాగితం, మళ్లీ గుడ్డ, అన్నిటి మీద రుబ్బురోలు పొత్రం. నీళ్లు ఓడ్చాక గోడకి అంటించి ఆరబెడితే కాగితం. సిరా పాకకుండా పలచటి గంజి పూసి, ఆరాక గవ్వతో రుద్దుతాను.

ఈ కాగితానికి కొంచెం పసుపు ఛాయ ఉంటుంది, కరక్కాయ పూర్తిగా వదలదు. అక్కడక్కడా నల్ల గీత తాలూకు చుక్కలు కూడా ఉంటాయి. మొదట్లో అవి లేకుండా చేయాలని తెల్ల ముక్కలే ఏరేదాన్ని. ఇప్పుడు కావాలనే ఉంచుతాను. ఒక పుస్తకంలో ఒక పేజీలో ఎవరిదో కంటి కొస కనపడుతుంది, ఇంకో పేజీలో ఏనుగు గోరు. కొనేవాళ్లు ముందు ఆ పేజీలే వెతుకుతారు.

మా అమ్మది కాగితం పనే, పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు. పాత పేపర్లు, పుస్తకాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో దంచి, కుండ బోర్లించి దాని మీద మెత్తి ఎండబెట్టేది. గంపలు, బుట్టలు వచ్చేవి. మెంతుల చేదుకి పురుగు రాదనేది. ఇప్పటికీ మా ఇంట్లో ఎండుమిరపకాయలు అమ్మ చేసిన గంపలోనే ఉంటాయి. నేను మీ పేపరుతో ప్రయత్నిస్తాను అప్పుడప్పుడు. మామూలు పేజీలు ఫరవాలేదు, సినిమా పేజీ కలిపితే గుజ్జు బూడిద రంగులోకి పోతుంది. ఇది విమర్శ కాదు, అనుభవం.

కాగితానికి పారే నీళ్లు అక్కర్లేదు, తొట్టి చాలు. కానీ సోడా జాడించడానికి, గుజ్జు కలపడానికి మంచి నీళ్లు కావాలి, బిందెల లెక్కన కావాలి. అందుకే కాగితం పని కూడా బట్ట పని ఉన్న నెలల్లోనే పడుతుంది. నీళ్లున్నప్పుడు రెండూ చేయాలనిపిస్తుంది, నీళ్లు లేనప్పుడు రెండూ ఆగుతాయి. కాగితం జాడించిన నీళ్లని వడకట్టి మళ్లీ అదే తొట్టిలో పోసుకుంటాను. బట్ట విషయంలో అది కుదరదు, ఎందుకో పైన చెప్పాను.

మీ వ్యాసం చివర, కొందరు రసాయన రంగులకి మళ్లి కళని దెబ్బ తీస్తున్నారని రాశారు. ఈ ఒక్క మాట దగ్గర నాకు నొప్పి కలిగింది. డబ్బా రంగుకి నది అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు, పాలు అక్కర్లేదు. పెట్టగానే ఎరుపు ఎరుపే. బోరు దొరకని మనిషి, ఆర్డరుకి గడువు దగ్గర పడిన మనిషి ఏం చేస్తాడు? నాకు తెలిసిన ఒక కుటుంబం అలాగే మళ్లింది. వాళ్ల గీత నా గీత కన్నా చక్కనిది. అది రసాయన రంగే అని కొనేవాళ్లకి చెప్పి అమ్ముతారు. వాళ్లని అంటే ఎలా? మిల్లులో ముద్ర కొట్టిన బట్టని చేతి పని అని చెప్పి అమ్మేవాళ్లు వేరే, వాళ్ల గురించి ఎంత రాసినా నేను అడ్డం రాను. కానీ ఇద్దరినీ ఒకే గాటన కట్టకండి. మచిలీపట్నం దగ్గర పెడన వైపు, కలం బదులు చెక్క అచ్చులతో కలంకారీ చేసేవాళ్లకి కృష్ణా కాలువల నీళ్లు ఉన్నాయి, ఉతుకుకి ఎక్కడికి పోవాలో వాళ్లకి తెలుసు. మాకు అది తెలిస్తే చాలు, సగం మంది వెనక్కి వస్తారు.

కాబట్టి మేం అడిగేది పెద్ద భవనం కాదు. మ్యూజియం అంటున్నారు, కట్టండి, సంతోషం. ముందు నది గట్టు దగ్గర వాలుగా రెండు సిమెంటు కాలువలు, వాటిలోకి శుభ్రమైన నీళ్లు వచ్చే ఒక మోటారు, పక్కన ఇసుక పరిచిన ఆరబెట్టే జాగా కావాలి. బట్ట మార్చుకోవడానికి ఒక గది కూడా, తడి చీరలతో ఆటోలో ఇంటికి రావడం ఎంత ఇబ్బందో ఆడవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి: మా ఉతుకు నీళ్లలో పటిక ఉంటుంది, కసిమి ఉంటుంది. ప్రకృతి రంగులు కదా అని వాటిని మళ్లీ నదిలోకో ఎవరి మడిలోకో వదలకూడదు. పక్కన మడ్డి దిగడానికి ఒక గుంట, దాని తర్వాత ఇంకో గుంట, తేరిన నీళ్లకి పరీక్ష చేయించి పనికొస్తే చెట్లకి. ఆ తమ్ముడు అడిగిన ప్రశ్నకి అది జవాబు అవుతుంది. దీని కోసం మేం అర్జీ పెట్టాం. ఒక ఆఫీసులో ఇది చేనేత వాళ్లు చూసుకోవాలన్నారు, ఇంకో ఆఫీసులో ఇది నీళ్ల వాళ్ల పని అన్నారు. మేం చేసేది నేత కాదు, మేం అడిగేది తాగే నీళ్లు కాదు, అందుకని ఎవరి బల్ల మీదా మా కాగితం కుదురుగా కూర్చోవడం లేదు.

మీ పేపరులో ఈ సంగతి ఒకసారి వస్తే ఆ కాగితం ఏదో ఒక బల్ల మీద ఆగుతుందని ఆశ. మళ్లీ కలంకారీ మీద రాసేటప్పుడు మీ విలేకరిని, ఫొటో తీసే అబ్బాయిని మా ఇంటికి కాకుండా ఉతుకు దగ్గరికి పంపండి. పోయినసారి వచ్చినమ్మాయి దగ్గర నా నంబరు ఉంది. కరెంటు ఏ పూటో ముందు రోజు రాత్రికి గానీ మాకే తెలియదు కాబట్టి ఫోన్ చేసి రావాలి. కాలువలో దిగితే గానీ మంచి ఫొటో రాదు, ఆ అబ్బాయికి షూస్ బదులు రబ్బరు చెప్పులు వేసుకుని రమ్మని చెప్పండి. కళ్లు మూసుకుని చెప్పే ఆమె ఫొటో దిగనంటుంది, ఒప్పించే పూచీ నాది.

ఇట్లు
మీ పాఠకురాలు,
శ్రీకాళహస్తి, తిరుపతి జిల్లా